సబ్‌డివిజన్ చెరువు కట్ట: ఓనర్ ఎవరు, ప్రమాదం ఎంత, ఇప్పుడేం చేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన విషయం ఇది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన మీ సబ్‌డివిజన్‌లో (ఇళ్ల కాలనీలో) 20 ఎకరాల చెరువు ఉంది. 1970ల్లో ఓ రియల్ ఎస్టేట్ కంపెనీ వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి, బోటింగ్‌కీ చేపలు పట్టుకోవడానికీ అని చెరువు చేసి, చుట్టూ ఇళ్లు కట్టి అమ్మింది. కట్ట ఎత్తు సుమారు 28 అడుగులు, దాని మీద కౌంటీ (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) రోడ్డు పోతుంది. మీరు ఈ ఏడాదే హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) బోర్డులోకి వచ్చారు. వచ్చిన నెలకే స్టేట్ డ్యామ్ సేఫ్టీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: మీ కట్టను కేటగిరీ 1లోకి మార్చాం, ఇంజినీర్‌ని పెట్టుకుని రిపోర్టు ఇవ్వండి అని. రోడ్డు కౌంటీది కాబట్టి కట్ట కూడా కౌంటీదే అని బోర్డులో ఒకాయన వాదన. యాభై ఏళ్లుగా ఏమీ కాలేదు, ఇప్పుడేం అవుతుందని ఇంకొకాయన. మీరేమో టెన్షన్‌తో అడుగుతున్నారు: ఇది నిజంగా ప్రమాదమా, దీని ఓనర్ ఎవరు, చెరువు ఖాళీ చేసేస్తే ఈ తలనొప్పి వదిలిపోతుందా అని.

నేను ఇరవై ఆరేళ్లుగా జార్జియాలో, పక్కనున్న కరోలినాల్లో ఇలాంటి మట్టికట్టలకే ఇన్‌స్పెక్షన్లు, రిపేర్ డిజైన్లు చేస్తున్న సివిల్ ఇంజినీర్‌ని. మీ కట్టను చూడలేదు కాబట్టి అది బాగుందనీ, లేదనీ చెప్పను. కానీ ఇలాంటివి వందకు పైగా నడిచి చూశాను. అందుకే ఒక మాట ముందే చెప్పేస్తాను. ఓనర్ ఎవరో కాగితాల మీద తేలేదాకా, ఆ కట్ట మీదే అనుకుని నడుచుకోండి. తేలాక అది కౌంటీదైతే మీకు పోయేది కొంత శ్రమ, కొంత డబ్బు. కౌంటీది కాదని తేలితే, ఈ మధ్యలో ఎవరూ చూడకుండా వదిలేసిన నెలలే మీకు అన్నిటికంటే చెరుపు చేస్తాయి.

ముందు ఆ ఉత్తరం సంగతి. కేటగిరీ 1 అంటే కట్ట పాడైందని కాదు. కట్ట తెగితే కింద మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉందని. కట్ట ఎంత గట్టిగా ఉందన్న దానికీ ఈ కేటగిరీకీ సంబంధం లేదు. జార్జియా చట్టం ప్రకారం 25 అడుగులు, ఆపైన ఎత్తున్న కట్టలు, లేదా 100 ఎకర-అడుగులు, ఆపైన నీళ్లు పట్టే కట్టలు లెక్కలోకి వస్తాయి (ఎకరం నేల మీద అడుగు లోతు నీళ్లు ఒక ఎకర-అడుగు). మీది ఎత్తు ప్రకారమే వస్తుంది. ఇన్నాళ్లూ కింద పొలాలో అడవో ఉండి ఉంటే కేటగిరీ 2లో పెట్టి వదిలేసి ఉంటారు. ఈ పదిహేనేళ్లలో మీ కట్ట కింద వాగు వెంబడి కొత్త ఇళ్లు వచ్చాయని మీరే రాశారు. కట్ట మారలేదు, కింద ఊరు వెలిసింది. 1970ల్లో చేపల చెరువు కోసం వేసిన కట్ట ఇప్పుడు జనం నెత్తిన ఉన్న కట్ట అయింది. ఆ కొత్త ఇళ్లకు పర్మిషన్ ఇచ్చింది మీరు కాదు, అయినా భారం మీ మీదే పడుతోంది. ఇందులో అన్యాయం ఉందని మీరనుకుంటే నేనూ కాదనను. కానీ ఆ ఇళ్లలో పడుకునేవాళ్లకు ఈ వాదనతో పని లేదు.

నీళ్లెన్నో ఒక్కసారి లెక్క వేద్దాం. 20 ఎకరాలు, సగటున 8 అడుగుల లోతనుకుంటే 160 ఎకర-అడుగులు. అంటే దాదాపు 20 కోట్ల లీటర్లు, రెండు లక్షల టన్నుల బరువు. మన లెక్కలో 0.007 టీఎంసీ. నాగార్జునసాగర్ చూసిన కళ్లకు ఇదో లెక్కా అనిపిస్తుంది. ఆ నీళ్లు అరగంటలో ఓ సన్నటి వాగులోకి దిగితే ఎలా ఉంటుందో మీ రాష్ట్రంలోనే జరిగింది.

టొక్కోవా అనే ఊరు మీకు రెండు గంటల దారి కూడా ఉండదు. అక్కడ ఓ బైబిల్ కాలేజీకి ఎగువన కెల్లీ బార్న్స్ అని మట్టికట్ట ఉండేది. 1899 ప్రాంతంలో రాళ్లు, దుంగలతో మొదలై, తర్వాత మట్టితో పెంచుకుంటూ పోయారు. మొదట్లో కరెంటు కోసం. 1957లో కరెంటు తీయడం ఆపేశాక అది ఉత్త విహార చెరువైంది. ఎత్తు నలభై అడుగులకు అటూ ఇటూ, అంటే మీ కట్టకంటే కాస్త పెద్దది, అంతే. బయటి వాలు మరీ నిటారుగా ఉండేది, దాని నిండా చెట్లు. 1973లో ఆ వాలులో కొంత మట్టి జారిపోయింది. ఆ జారుడు కనబడే ఫోటో కూడా తర్వాత దర్యాప్తులో బయటపడింది. నాలుగేళ్లు గడిచాయి. 1977 నవంబరు 6న, రాత్రంతా వాన పడ్డాక, ఒంటిగంటన్నర ప్రాంతంలో కట్ట తెగింది. కాలేజీ ఆవరణలో నిద్రపోతున్న 39 మంది చనిపోయారు. జార్జియాలో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1978లో. మీకొచ్చిన ఉత్తరం వెనక ఉన్నది ఆ రాత్రే. మీ బోర్డు మీటింగులో యాభై ఏళ్ల వాదన మళ్లీ వస్తే ఈ సంగతి చెప్పండి. కెల్లీ బార్న్స్ కూడా అంతకుముందు దశాబ్దాల పాటు నిలబడే ఉంది.

ఇప్పుడు ఓనర్ విషయానికి వస్తాను. ఇక్కడే చాలా హెచ్ఓఏలు రెండు మూడేళ్లు పోగొట్టుకుంటాయి.

జార్జియాలో డీడ్లు (ఆస్తి పత్రాలు) కౌంటీలోని సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర రికార్డవుతాయి. సబ్‌డివిజన్ మొదటి లేఅవుట్ మ్యాప్ అక్కడే దొరుకుతుంది. దాంట్లో మూడు సంగతులు చూడండి. కట్ట ఉన్న స్థలానికి విడిగా పార్సిల్ (భూమి ముక్క) నంబర్ ఉందా? దాన్ని డెవలపర్ హెచ్ఓఏకి కామన్ ఏరియాగా రాసిచ్చాడా? లాట్ల హద్దులు ఒడ్డు దగ్గర ఆగాయా, నీళ్లలోకి వెళ్లాయా? ఈ మూడోదాన్ని ఎవరూ చూడరు. చాలా పాత సబ్‌డివిజన్లలో లాట్ హద్దు చెరువు మధ్య దాకా పోతుంది. అలాంటిచోట కట్ట ఏ ఇద్దరి ముగ్గురి లాట్ల మీద పడితే ఆ కుటుంబాలే కట్టకు సొంతదారులు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఒకసారి ఓ పెద్దావిడ ఇంటి వెనక కట్ట కొలుస్తున్నాను. ఎవరి తరఫున వచ్చావు నాయనా అని అడిగింది. నా చేతిలోని మ్యాపు ప్రకారం ఆవిడే నా యజమానురాలు. ఆ మాట ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు అరగంట పట్టింది. భర్త పోయి, పెన్షన్ మీద బతుకుతున్న మనిషి. ఇల్లు కొన్నప్పుడు చెరువు కనిపించే ఇల్లు అని ఎక్కువే పెట్టి కొన్నారు.

డెవలపర్ కంపెనీ మూతపడిందని రాశారు. అది కట్టను హెచ్ఓఏకి రాసివ్వకుండానే పోయి ఉంటే, పార్సిల్ ఇంకా ఆ లేని కంపెనీ పేరునే ఉండొచ్చు. పన్ను కట్టేవాళ్లు లేక టాక్స్ సేల్‌లో (పన్ను బాకీకి వేసే వేలంలో) ఎవరో కొనుక్కుని కూడా ఉండొచ్చు. అలాగని మీరు బయటపడినట్టు కాదు. ఇన్నేళ్లూ కట్ట మీద గడ్డి కోయించింది, రైజర్ (చెరువు నీళ్లు రోజూ బయటికి పోయే నిలువు గొట్టం) దగ్గర చెత్త తీయించింది, చెరువుకు రూల్స్ పెట్టింది హెచ్ఓఏ అయితే, నడిపించినవాళ్లుగా మిమ్మల్నే అడుగుతారు. ఇది లాయర్ తేల్చాల్సిన మాట. ఇల్లు కొన్నప్పుడు కాగితాల పని (క్లోజింగ్) చేసిన లాయర్ కాకుండా, నీటి హక్కులు, హెచ్ఓఏ కేసులు చూసే లాయర్‌ని పట్టుకోండి.

ఇక కౌంటీ రోడ్డు. రోడ్డు మీద కౌంటీకి ఉండేది చాలావరకు రైట్ ఆఫ్ వే (దారి వాడుకునే హక్కు) మాత్రమే. తారు వాళ్లది, కింద మట్టి ఆ స్థలం ఓనర్‌ది. కట్ట కౌంటీదేనని మీ బోర్డు సభ్యుడు కోర్టుకెక్కితే లాయర్ ఫీజులు పోతాయి, కట్ట మాత్రం అలాగే ఉంటుంది. అయితే ఆ రోడ్డు మీకు పనికొచ్చే విషయమే. కట్ట తెగితే కౌంటీకి రోడ్డు పోతుంది, స్కూల్ బస్సు తిరగదు, అంబులెన్స్ చుట్టూ తిరిగి రావాలి. ఇది వాళ్లకూ తెలుసు. బాధ్యత కౌంటీదే అని పోట్లాటకు దిగకుండా, రిపేరులో రోడ్డు వాటా ఎంత పెట్టుకుంటారని ఇంజినీర్ రిపోర్టు చేత్తో పట్టుకుని వెళ్లండి. నేను చూసిన వాటిలో కలిసొచ్చినవన్నీ అలా మొదలైనవే.

చేతులు మారుతూ పోయిన కట్టకు ఏమవుతుందో చెప్పాలంటే పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్‌ను మించిన కథ లేదు. రాష్ట్రం కాలువకు నీళ్ల కోసమని కట్టింది. రైల్వే కంపెనీ కొంది, దానికి కట్టతో పని లేదు. దాని దగ్గర కొన్న ఒకాయన అడుగున ఉన్న ఇనుప తూము గొట్టాలు పీకించి అమ్ముకున్నాడు. 1879లో కొన్నవాళ్లు దాన్ని వేటకీ చేపలకీ క్లబ్బు చేశారు. కార్నెగీ, ఫ్రిక్ లాంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. బగ్గీలు పోవడానికి కట్ట మీద దారి వెడల్పు చేయాలని కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు (ఎక్కువైన నీళ్లు పోయే దారికి) జల్లెడలు పెట్టారు. తూము గొట్టాలు మళ్లీ వేయలేదు, అంటే అవసరమొస్తే నీళ్లు దించే దారే లేదు. 1889 మే 31న పెద్ద వానకు జల్లెడలకు చెత్త పట్టింది, నీళ్లు కట్ట మీంచి పొర్లాయి, కింద జాన్స్‌టౌన్‌లో 2,209 మంది పోయారు. క్లబ్బు మీద దావా గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడైతే అలా వదలరు. హవాయిలో కలోకో కట్ట 2006 మార్చిలో తెగి ఏడుగురు చనిపోయారు. అలుగును పూడ్చేశారని దర్యాప్తులో తేలింది. ఆ స్థలం ఓనర్‌కు 2014లో ఏడు నెలల జైలు పడింది.

ఈ రెండు చోట్లా అలుగే కథ నడిపింది. అందుకే మీ అలుగు ఎక్కడుందో మీకు తెలుసా అని అడుగుతున్నాను. రోజూ నీళ్లు పోయే రైజర్ గొట్టం కాదు నేనడిగేది. పెద్ద వానకు చెరువు నిండితే కట్ట పక్కనుంచి నీళ్లు పోవడానికి వదిలిన వెడల్పాటి పచ్చగడ్డి పల్లం. ఏడాదిలో మూడువందల అరవై రోజులూ ఎండిపోయే ఉంటుంది కాబట్టి అది అలుగని ఎవరికీ గుర్తుండదు. నేను చూసిన అలుగుల్లో పిల్లల ఊయల, పనిముట్ల షెడ్డు, చెక్క ఫెన్సు, ఒకచోట ఏకంగా వాలీబాల్ కోర్టు ఉన్నాయి. బోటుకు లోతు చాలట్లేదని అలుగు నోట్లో పలకలు అడ్డం పెట్టినవాళ్లున్నారు. ఆ పలకలతో పెరిగిన ఒక అడుగు, వాన రాత్రి కట్టకు మిగిలే ఎడంలోంచి పోయిన అడుగే. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లితే ఎంతసేపు ఆగుతుందో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది అలాగే. 2015 అక్టోబరు మొదటి వారంలో సౌత్ కరోలినాలో కుండపోతకు స్టేట్ లెక్కలో ఉన్నవే దాదాపు 50 కట్టలు తెగాయి. చాలావరకు మీలాంటి చిన్న, ప్రైవేటు చెరువులే. నేను ఆ తర్వాత నెలంతా ఆ రాష్ట్ర రాజధాని కొలంబియా చుట్టుపక్కల తిరిగాను. గండి పడిన చోట రెండు వైపులా ఎర్రమట్టి గోడలు, మధ్యలో వాగు దాని పాత దారిలోనే పారుతూ, ఒడ్డున బోటు డాకులు బురద మీద నిలబడి ఉండేవి.

పొర్లడం ఒక రకం చావు. రెండోది లోపల్నుంచి, ఎండ కాస్తున్న రోజున కూడా వస్తుంది. మీ కట్ట అంత వయసున్న కట్టల్లో నాకు ఎక్కువ భయం దీంతోనే. 1970ల్లో వేసిన కట్టలకు అడుగున చాలావరకు ముడతల ఇనుప గొట్టం వేశారు. దాని ఆయుష్షు పాతిక నుంచి నలభై ఏళ్లు. మీది యాభై దాటింది. గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడితే కట్ట మట్టి ఆ చిల్లుల్లోంచి కొద్దికొద్దిగా లోపలికి జారి కొట్టుకుపోతుంది. లేదంటే గొట్టం బయటి ఒంటిని పట్టుకుని నీళ్లు దారి చేసుకుంటాయి. మన ఊళ్లలో కట్టకు బుంగ పడింది అంటామే, అదే ఇది.

కొన్నేళ్ల కింద ఓ జనవరి ఉదయం ఇలాంటి కట్ట చూడ్డానికి వెళ్లాను. ఊరు పేరు వద్దు. గొట్టం చివర ముళ్లపొదల్లో పూర్తిగా మూసుకుపోయి ఉంది, కొట్టించుకుంటూ దిగాల్సి వచ్చింది. గొట్టం లోపల్నుంచి నీళ్లు మామూలుగానే వస్తున్నాయి. కానీ గొట్టం పక్కన, ఇనుముకీ మట్టికీ మధ్య, చిటికెనవేలంత ధార వేరేగా ఊరుతోంది. ఎప్పుడూ అలాగే ఉంటుందండీ అన్నారు నాతో వచ్చిన హెచ్ఓఏ ప్రెసిడెంట్. కాఫీ తాగిన గాజుసీసా కడిగి ఆ ధార కింద పట్టాను. చేతిలో పట్టుకుని చూస్తే నీళ్లు తేటగానే ఉన్నాయి. కారు బానెట్ మీద పెట్టి పావుగంట కాగితాలు రాసుకుని చూస్తే సీసా అడుగున గోరు మందాన ఎర్రటి పొర. కట్ట ఆ సీసాలోకి దిగి కూర్చుంది. ఆ రోజే స్టేట్ ఆఫీసుకు ఫోన్ చేశాం. రోజుకు అడుగు చొప్పున చెరువు దించారు. తర్వాత తవ్వి చూస్తే గొట్టం మీద మనిషి ముడుచుకుని కూర్చునేంత బొరియ. పైన వాకింగ్ ట్రాక్. కట్ట పైనుంచి చూసినవాళ్లకు అది రాష్ట్రంలోకెల్లా అందమైన చెరువు.

మీరూ ఒక గాజుసీసా పట్టుకుని వెళ్లండి. మీరు పంపిన ఫోటోలన్నీ కట్ట మీంచి చెరువు వైపు తీసినవి. జబ్బు ఎప్పుడూ రెండో వైపు, అడుగున ఉంటుంది. వానలు పడని వారంలో, ఇద్దరు కలిసి, పొడుగు బూట్లు వేసుకుని బయటి వాలు అడుగుదాకా దిగండి. చుట్టూ గడ్డి ఎండి ఉన్నప్పుడు ఒకచోట మాత్రమే పచ్చగా ఉందా? జమ్ము మొలిచిందా? జమ్ము ఉందంటే అక్కడ ఏడాది పొడుగునా తడి ఉన్నట్టే. మడమతో నొక్కితే నేల దిగబడుతోందా? కట్ట మీద, రోడ్డు అంచున ఎక్కడైనా పల్లం పడిందా, కౌంటీ వాళ్లు ఒకేచోట మళ్లీ మళ్లీ తారు వేస్తున్నారా? ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఒకేచోట రోడ్డు దిగుతోందంటే కింద మట్టి ఎక్కడికో పోతోంది. ఊట ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, ఊట లేని మట్టికట్ట ఉండదు. ఊట తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో ఉందా, పెరుగుతోందా, మట్టి తెస్తోందా అన్నదే చూడాలి. తారీఖు వేసి ఫోటో తీసి పెట్టుకోండి. నెలకోసారి అదే చోట, అదే కోణంలో.

నాది అనంతపురం జిల్లాలో ఓ చిన్న ఊరు. మా చెరువుకు నీరుగంటి ఉండేవాడు. వాన పట్టిందంటే గోనెసంచి నెత్తిన కప్పుకుని రాత్రి కట్ట చివరి నుంచి చివరిదాకా ఉత్తకాళ్లతో నడిచేవాడు. ఎక్కడ మెత్తబడిందో పాదానికి తెలిసేది. ఊరంతా కలిసి గింజలు కొలిచి ఇచ్చేది అతని ఆ నడకకే. అమెరికాలో రికార్డుల్లో ఉన్న 90 వేల పైచిలుకు డ్యాముల్లో సగానికి పైగా ప్రైవేటువి, సగటు వయసు అరవై దాటింది. వాటిలో చాలావాటికి చేపల కమిటీ ఉంది, పార్టీ కమిటీ ఉంది, కట్ట మీద నడిచే మనిషి లేడు. మీ హెచ్ఓఏలో ఆ పని ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. కమిటీకి కాదు, మనిషికి.

చెట్ల గురించి ఒక్క మాట. ఉత్తరం చూసి కంగారుపడి రేపే కట్ట మీది పెద్ద చెట్లు కొట్టించకండి. కొట్టేసిన చెట్టు వేళ్లు కుళ్లి నీళ్లకు దారి అవుతాయి. మొక్కలు, చిన్న చెట్లు తీసేయొచ్చు. పెద్దవి ఇంజినీర్ చెప్పిన పద్ధతిలో, వేళ్లు తీసి, మట్టి నింపి, దట్టించి చేయాలి. బీవర్లు (వాగులకు పుల్లలతో అడ్డుకట్టలు కట్టే జంతువులు) రైజర్ నోటికి పుల్లలు అడ్డం పేరుస్తుంటే అవి మాత్రం వెంటనే తీయించండి.

చెరువు ఖాళీ చేయడం గురించి అడిగారు. వాల్వు తిప్పేసి దించేద్దామని మీ బోర్డులో ఎవరైనా అంటే ఆపండి. యాభై ఏళ్లుగా కదలని వాల్వు తెరుచుకుంటే మళ్లీ మూసుకుంటుందన్న నమ్మకం లేదు. నీళ్లు గబగబా దిగితే ఇన్నాళ్లూ నీటి ఒత్తిడి మీద ఆనుకుని ఉన్న లోపలి వాలు తడి మట్టి ఒక్కసారిగా జారిపోతుంది. మామూలుగా రోజుకు అడుగు మించకుండా, ఇంజినీర్ చెప్పినట్టు దించాలి. అవసరమైతే సైఫన్ (కట్ట మీంచి నీళ్లు లాగే గొట్టం) పెడతారు. అడుగున పూడిక కింద వాగులోకి పోతే అది వేరే కేసు. కట్టను శాశ్వతంగా తీసేయాలన్నా స్టేట్ అనుమతి కావాలి, చాలాచోట్ల ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (వాగుల్లో పనులకు అనుమతులిచ్చే ఫెడరల్ సంస్థ) పర్మిట్ కూడా. గండి కొట్టడం, వాగును మళ్లీ వాగుగా చేయడం, రోడ్డుకు కల్వర్టు కట్టడం, ఇవన్నీ ఖర్చే. అయినా ఆ దారిని బోర్డు ముందు పెట్టండి. చెరువు ఉంచుకునే స్తోమత లేని కాలనీ దాన్ని తీసేయడం సిగ్గుపడే పని కాదు. నేను నాలుగైదు చోట్ల దగ్గరుండి తీయించాను, ఇప్పుడవి మంచి పచ్చిక బయళ్లు.

డబ్బు మాట. ఇలాంటి కట్టకు ముందు ఇన్‌స్పెక్షన్, కెమెరాతో గొట్టం వీడియో, అలుగు చాలుతుందా అన్న లెక్క. ఇదంతా కలిపి కొన్ని వేల డాలర్ల పని. గొట్టం ఇంకా వంగిపోకుండా ఉంటే లోపల ప్లాస్టిక్ గొట్టం దోపి మధ్యలో గ్రౌట్ (పల్చటి సిమెంటు) నింపొచ్చు, తవ్వకం తప్పుతుంది. వంగిపోయి ఉంటే కట్ట కోసి మళ్లీ కట్టాలి. కేటగిరీ 1కి సరిపడా అలుగు పెంచాల్సి వస్తే మొత్తం కొన్ని లక్షల డాలర్లు. మాటవరసకు ఆరు లక్షలనుకోండి. మీవి 140 ఇళ్లన్నారు, ఇంటికి 4,300 దాకా పడుతుంది. హైదరాబాద్‌లో అపార్టుమెంటు కొన్నవాళ్లకు కార్పస్ ఫండ్ అంటే వెంటనే అర్థమవుతుంది. ఇక్కడా అంతే, రిజర్వులో కట్ట పేరుతో వేరే పద్దు ఈ ఏడాదే మొదలుపెట్టండి. లేకపోతే ఒకేసారి స్పెషల్ అసెస్‌మెంటు (ఇంటింటి మీద అదనపు వసూలు) పడి, కట్టలేనివాళ్లతో పోట్లాటలో ఇంకో రెండేళ్లు పోతాయి. ఫెడరల్ గ్రాంట్లు ఉన్నాయి, ఫీమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) కింద హై హజార్డ్ డ్యాముల (తెగితే ప్రాణాలు పోయేవాటి) రిపేరుకి. అవి ప్రభుత్వ సంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు స్టేట్ ద్వారా వస్తాయి. మీ హెచ్ఓఏ ఆ కోవలోకి వస్తుందేమో స్టేట్ ఆఫీసులోనే అడగండి. ఆ డబ్బు మీద ఆశతో పని మాత్రం ఆపొద్దు.

మిషిగన్‌లో ఈడెన్‌విల్ ఉదాహరణ చూడండి. 1924లో కట్టిన ప్రైవేటు కట్ట, వెనక చెరువు చుట్టూ లేక్ ఫ్రంట్ ఇళ్లు. పెద్ద వరదకు అలుగు చాలదని ఏళ్ల తరబడి చెప్పి, చివరికి 2018లో ఫెడరల్ కమిషన్ కరెంటు లైసెన్సు రద్దు చేసింది. 2020 మే 19న కట్ట తెగింది, ఆ నీళ్లకు దిగువన శాన్‌ఫోర్డ్ కట్టా పోయింది. సుమారు 10 వేల మందిని ఖాళీ చేయించారు, ప్రాణాలు దక్కాయి. ఓనర్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మళ్లీ కట్టడానికి రాష్ట్రం 20 కోట్ల డాలర్లు ఇచ్చినా, మిగతా భారం ఆ చెరువుల చుట్టూ ఇళ్లున్నవాళ్ల మీద 40 ఏళ్ల వాయిదాలుగా పడింది. కట్ట వాళ్ల పేరున లేదు. అయినా భారం వాళ్లదే.

ఇన్సూరెన్సు కాగితం ఈ వారమే తీయండి. హెచ్ఓఏ లయబిలిటీ పాలసీల్లో డ్యామ్ తెగడాన్ని మినహాయింపుల్లో పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఏజెంటును నోటిమాటగా కాదు, ఈమెయిల్లో అడగండి. కింద ఇళ్లవాళ్లకు కూడా మామూలు హోమ్ ఇన్సూరెన్సులో వరద రాదు, ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, అది అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది. వాళ్లకు ఈ మాట చెబితే మన మీద కేసు వేస్తారేమోనని మీ బోర్డు భయపడొచ్చు. అయినా చెప్పాలి. వాళ్లు మీ హెచ్ఓఏ సభ్యులు కారు, మీ చెరువులో బోటు వేసుకోలేరు, వాళ్లకు దక్కేదల్లా ముప్పే.

ఇంజినీర్‌ని తీసుకునేటప్పుడు మట్టికట్టల అనుభవం ఉన్నవాళ్లను, జార్జియా ప్రోగ్రాం వాళ్లు ఒప్పుకున్న జాబితాలోంచి తీసుకోండి. మీ కాలనీలోనే సివిల్ ఇంజినీర్లు నలుగురు ఉంటారు. వాళ్ల సలహా వినండి, సంతకం మాత్రం వాళ్లతో పెట్టించొద్దు. రిపోర్టుతో పాటు ముంపు మ్యాప్, ఎమర్జెన్సీ ప్లాన్ అడగండి. ప్లాన్ అంటే ఫైల్లో పెట్టుకునేది కాదు. రాత్రి రెండు గంటలకు వాన పడుతుంటే టార్చి పట్టుకుని కట్ట దగ్గరికి ఎవరు వెళ్తారు, వాళ్లు ఊళ్లో లేకపోతే ఇంకెవరు, కింద ఏ ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు, రోడ్డు ఎవరు మూస్తారు. అన్నీ పేర్లతో, నంబర్లతో.

ఉత్తరానికి జవాబు గడువు లోపలే పంపండి. ఓనర్‌షిప్ తేల్చుకుంటున్నాం, ఈలోపు ఇన్‌స్పెక్షన్‌కు ఇంజినీర్‌ని పెట్టుకుంటున్నాం అని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఆ ఆఫీసు వాళ్లు శత్రువులు కారు. నాకు తెలిసినంతలో, ఫోన్ ఎత్తి మాట్లాడిన హెచ్ఓఏలకు గడువులు పెంచారు, మౌనంగా ఉన్నవాళ్లకే నోటీసులు వెళ్లాయి.

కట్ట అడుగున గొట్టం చివర కనబడేలా ఒకటి, అలుగు పొడవునా ఒకటి, రైజర్ దగ్గర ఒకటి, ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అయితే దిగినప్పుడు గొట్టం పక్కనుంచి మట్టిరంగు నీళ్లు వస్తున్నా, ఊట నిన్నటికంటే పెరిగినట్టు అనిపించినా, ఫోటోల సంగతి తర్వాత. పైకి వచ్చేసి 911కి, ఆ ఉత్తరం మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, కింద వాగు పక్క ఇళ్ల తలుపులు తట్టండి.